రెండో సిలిండరు

ఆ శనివారం అప్పలనరసింహం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తెల్లవారగానే స్నానం, పూజ, రెండు ఇడ్లీలు, ఆ తరువాత భార్య సుందరమ్మను కారెక్కించుకుని సబ్బవరం ప్రయాణం. అక్కడ బావమరిది దేవీప్రసాద్ కొత్త ఇంటి గృహప్రవేశం. స్థిరవారం మంచిదని పంతులుగారు తొమ్మిదిలోపు ముహూర్తం పెట్టారు. ఆడపడుచు వచ్చి పాలు పొంగిస్తేనే ఆ ఇంట్లో మొదటి పొయ్యి వెలిగేది. దేవీప్రసాద్‌కు తోడబుట్టినది సుందరమ్మ ఒక్కతే. ఆవిడ చేరకపోతే పాలు పొంగవు, పాలు పొంగకపోతే ముహూర్తం దాటిపోతుంది. ఇందులో అర్థం కానిదేమీ లేదు.

అనకాపల్లి బెల్లం బజారులో అప్పలనరసింహానిది తాత పెట్టిన కొట్టు. దిమ్మ ఏ ఊరి పెనంలో ఉడికిందో వాసన చూసి చెప్పగలడని ఆయనకు పేరు. పక్క కొట్లవాళ్లు కళ్లకు తువ్వాలు కట్టి, ముక్కు దగ్గర రకరకాల ముక్కలు పెట్టి పరీక్షించిన రోజులున్నాయి. తప్పు చెప్పిన రోజు మాత్రం లేదు. ఆ ముక్కు మీద ఆయనకు కొంచెం గర్వం ఉండేది. మిగతా గర్వమంతా సింహాద్రి అప్పన్న పాదాల దగ్గర పెట్టేశానని చెప్పుకునేవాడు.

ఆయన కారు కూడా దేవీప్రసాద్‌దే. కొత్త కారు కొనుక్కున్నప్పుడు పాతదాన్ని బయటివాళ్లకు ఇవ్వడం ఇష్టం లేక, "బావా, ఇది నా చేతిలో ఒక్కరోజు కూడా మొరాయించలేదు. మీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే" అని తాళాలు అక్క చేతిలో పెట్టాడు. వయసు మీద పడిన కారే, కానీ చల్లగా నడిచేది. అప్పలనరసింహం దానికి స్వామి పటం అతికించాడు. ప్రతి శనివారం పూజ మొదలుపెట్టాడు.

ఆ పూజలో ఆయనది ఒక సొంత పద్ధతి. అందరూ కారు ముందు కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి సరిపెట్టుకుంటారు. అది చర్మానికి చేసే పూజ అని ఆయన అభిప్రాయం. నడిపించేది ఇంజను కదా. పైగా నరసింహస్వామికి పానకం ప్రీతి. బెల్లం వ్యాపారి ఇంట్లో పానకానికి కరువేముంది? అందుకని ఎవరూ లేవకముందే షెడ్డులోకి వెళ్లి, బానెట్టు ఎత్తి, ఇంజను మీదున్న నల్లటి ప్లాస్టిక్ మూతను కూడా తీసేవాడు. అభిషేకానికి ముందు స్వామి కిరీటం తీస్తారు కాబట్టి ఇదీ అంతే. యాలకులు, మిరియాలు నూరి కలిపిన చెంబెడు పానకాన్ని ఇంజను మీద ధారగా పోసి, దండం పెట్టి, మూత బిగించి, ఖాళీ చెంబుతో ఇంట్లోకి వచ్చేవాడు.

ఆ ఖాళీ చెంబు దగ్గర సుందరమ్మకు అనుమానం వచ్చింది.

"పానకం ఏటైందండీ?" అని ఆ శనివారం కూడా అడిగింది.

"స్వామికి సమర్పించేను."

"సమర్పిత్తే ప్రసాదం మిగలాలి కదా. మీకు షుగరు. డాక్టరు ఏటన్నాడు?"

"నేను చుక్క ముట్టలేదే."

"ముట్టినోళ్లందరూ అలాగే అంటారు" అని ఆవిడ చెంబు తోమడానికి పట్టుకెళ్లింది. రెండు నెలలుగా శనివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో కాకరకాయ కూర తప్ప ఇంకొకటి వండటం లేదు. తాగిన పానకానికి అది విరుగుడు. తాగని మనిషి నోరు మూసుకుని తింటున్నాడు. షెడ్డులో ఏం చేస్తున్నాడో చెబితే ఆవిడ నవ్వుతుందేమోనని ఆయనకు సిగ్గు.

ఆ రెండు నెలల్లోనే కారుకు జబ్బు పట్టుకుంది. ఆగి ఉన్నప్పుడు ఇంజను చలిజ్వరం వచ్చినట్టు వణికేది. ఎత్తు ఎక్కమంటే దగ్గేది. డాష్‌బోర్డు మీద పసుపుపచ్చని ఇంజను బొమ్మ మిణుకుమిణుకుమనేది. మొదటిరోజు అది స్వామి పటం కింద దీపం పెట్టినట్టుందని ఆయన సంతోషించాడు కూడా. బజారులో కారు అలా గొంతు పట్టేసినట్టు నడుస్తుంటే కొట్లలోంచి తలలు బయటికొచ్చేవి. అప్పుడు అద్దాలు ఎత్తుకుని, తనది కాదన్నట్టు ముందుకే చూసేవాడు.

బైపాసు దగ్గర షెడ్డున్న మెకానిక్ పరదేశి చూసి, "రెండో సిలిండరు కొట్టట్లేదండి. నిప్పురవ్వ పుట్టించే కాయిలు పోయింది" అన్నాడు. పరదేశికి మాటలెక్కువ. ఏ బండి జబ్బైనా పదడుగుల దూరం నుంచి చెప్పేస్తానంటాడు. కొత్త కాయిలు వేశాడు. కారు పిల్లిలా నడిచింది. ఆ సంతోషంలో అప్పలనరసింహం తరువాతి శనివారం చెంబు స్థానంలో పెద్ద చెంబు తీసుకున్నాడు. సోమవారానికి మళ్లీ దగ్గు. ఈసారి పరదేశి కాయిలు దిగే గుంటలో నల్లటి జిడ్డు చూసి, ఇంజను ఆయిల్ కారుతోందని తేల్చి, గ్యాస్కెట్ మార్చి, ఇంకో కాయిలు వేశాడు. కారు బాగుపడింది. అప్పలనరసింహం ఇంకా చిక్కటి పానకం కలిపాడు. కారు చెడేకొద్దీ భక్తి పెరిగింది, భక్తి పెరిగేకొద్దీ కారు చెడింది.

మనిషికి ఓపిక నశిస్తే నోరు లేస్తుంది. ఒకరోజు కొట్టులో నలుగురు రైతుల ముందు, "నా బావమరిది నాకిచ్చింది కారు కాదు, వాడి రోగం" అనేశాడు. ఇంకోరోజు పెట్రోలు బంకు దగ్గర, "పరదేశి వేసేవన్నీ డూప్లికేట్ కాయిళ్లు" అన్నాడు. రెండు మాటలూ అన్న సాయంత్రమే గుండెలో ఎక్కడో గుచ్చుకున్నాయి. కానీ మాట బయటికి వెళ్లిపోయింది. బెల్లం లారీతోపాటు అది సబ్బవరం కూడా చేరింది. దేవీప్రసాద్ ఫోను చేసి ఏమీ అనలేదు, గృహప్రవేశానికి మాత్రం రమ్మన్నాడు. ఆ మర్యాద అప్పలనరసింహానికి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. అప్పటినుంచి తను అన్నమాట నిజమైతే బాగుండునని ఆశపడే స్థితికి వచ్చేశాడు.

అందుకే ఆ శనివారం తెల్లవారుజామున, ఇంజను మీద పానకం ధార కడుతూ గట్టిగా మొక్కుకున్నాడు. "స్వామీ, ఈ కారును పాడుచేత్తన్నది ఎవరో నువ్వే పదిమందిలో బయటపెట్టు." శుభకార్యానికి వెళుతున్నాం కదా అని ఆ రోజు చెంబుతోపాటు ఒక గ్లాసు అదనంగా పోశాడు.

ఊరు దాటి చెరకు తోటల మధ్యకు వచ్చేసరికి కారు వణికింది. పసుపు దీపం మిణుకుమంది. ఇంకాస్త దూరం పోయాక పెద్దగా ఒక దగ్గు దగ్గి రోడ్డు పక్కన నిలబడిపోయింది. తాళం ఎంత తిప్పినా అంటుకుని, కుంటి ఆగిపోతోంది.

"ఆటో ఎక్కి పోతాను నేను" అంది సుందరమ్మ, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని.

"తమ్ముడి కొత్త ఇంటి ముందు ఆటోలో దిగుతావా? వాళ్లు ఏటనుకుంటారు? పది నిమిషాల్లో పరదేశి వచ్చేత్తాడు."

"పాలు ఎవరు పొంగిత్తారు, పరదేశా?"

అంతలో దేవీప్రసాద్ ఫోను. "బావా, ఎక్కడున్నారు?" అని అడిగాడు. ఆగిపోయామని చెబితే, ఆ కారు ఇచ్చినవాడి ముందు తనే నోరు విప్పినట్టవుతుంది. కారును తిట్టి మళ్లీ అదే కారులో బయలుదేరానని ఒప్పుకున్నట్టూ అవుతుంది. అందుకని అప్పలనరసింహం అసలు మాట దాటేశాడు. "వచ్చేత్తన్నాం, దారిలో ఉన్నాం" అన్నాడు. కాసేపటికి మళ్లీ ఫోను. మళ్లీ అదే మాట. మూడోసారి ఫోను మోగితే ఎత్తనే లేదు.

పరదేశి మోటారుసైకిలు మీద వచ్చాడు. బంకు దగ్గరన్న మాట అతనికీ చేరినట్టుంది, నమస్కారం పెట్టలేదు. చిన్న స్కానర్ పెట్టి చూసి, "మళ్లీ రెండోదేనండి" అన్నాడు. నమ్మకం కలగడానికి ఇంజను నడుస్తుండగానే ఒక్కొక్క కాయిలు తీగా పీకి చూపించాడు. ఒకటోది పీకితే ఇంజను ఇంకా కుంటింది. మూడోది, నాలుగోది పీకినా అంతే. రెండోది పీకితే మాత్రం ఏ మార్పూ లేదు.

"సూసేరా? ఉన్నా లేకపోయినా ఒకటే. అంటే అది సచ్చిందన్నమాట." తరువాత రెండోదాన్ని మూడో చోట పెట్టి చూశాడు. ఈసారి మూడోది చచ్చింది. "కాయిలే. నా దగ్గర ఇంకొకటుంది, ఒరిజినలు. డబ్బా సూసుకోండి, సీలు సూసుకోండి, తరవాత బంకులో సెప్పకండి."

సీలు చింపి కొత్త కాయిలు వేశాడు. కారు హాయిగా అంటుకుంది. సుందరమ్మ ఎక్కి కూర్చుంది. అప్పలనరసింహం గేరు వేయబోతుండగా దగ్గు. ఒకటి, రెండు, తరువాత వణుకు.

"ఇదీ డూప్లికేటే" అన్నాడు అప్పలనరసింహం, దాదాపు ఊరట పడినట్టు.

"మీ కళ్ల ముందే సీలు తీసేను కదండీ" అన్నాడు పరదేశి, గొంతు పెంచి.

ఆ సమయానికి సబ్బవరం వైపు నుంచి ఒక కారూ, దాని వెనక ఒక వ్యానూ వచ్చి ఆగాయి. కారులోంచి పట్టుపంచెతో దేవీప్రసాద్ దిగాడు. వ్యానులోంచి ఆడవాళ్లు దిగారు. ముందు నడుస్తున్న తలుపులమ్మ పిన్ని చేతిలో పళ్లెం, పళ్లెంలో పసుపు, కుంకుమ, మడత విప్పని చీర. 'దారిలో ఉన్నాం' అంటూనే రాకపోవడం, ఆపైన ఫోను ఎత్తకపోవడం చూసి, అన్న మాటలకు సిగ్గుపడి వీళ్లు రావడం మానేశారని, లేదా అక్కకు అలక వచ్చిందని అక్కడ అందరూ తీర్మానించారు. పంతులుగారిని హోమం దగ్గర కూర్చోబెట్టి, ఆడపడుచును బతిమాలి తీసుకెళ్లడానికి ఇంటిల్లిపాదీ వచ్చారు.

"సుందరమ్మా, మనసులో ఏటీ పెట్టుకోకమ్మా" అంది తలుపులమ్మ, నుదుట బొట్టు పెట్టబోతూ. "తమ్ముడి మీద కోపమా?"

"నాకేటి కోపం పిన్నీ? కారు ఆగిపోయింది."

"ఆగిపోయిందా? మరి మీ ఆయన వచ్చేత్తన్నాం వచ్చేత్తన్నాం అంటాడేటి?"

అందరూ అప్పలనరసింహం వైపు చూశారు. ఆయన చెరకు తోట వైపు చూశాడు.

దేవీప్రసాద్ మాట పెంచకూడదనే వచ్చాడు. కానీ ఎత్తి ఉన్న బానెట్టు చూడగానే ఆగలేకపోయాడు. "బావా, ముహూర్తం రోజు కూడా నా కారునే తిట్టుకుంటా ఇక్కడ నిలబడ్డారా? నేను రోగం ఇచ్చేనంటగా మీకు."

"ఇచ్చేవా లేదా నువ్వే సూడు. నాలుగు కాయిళ్లు తినేసింది."

"నా చేతిలో ఒక్కటీ తినలేదు."

"ఆయిల్ కారతందండి" అని మధ్యలో దూరాడు పరదేశి. గొడవ కాయిలు మీదనుంచి ఇంజను మీదకు పోతే తన పేరు నిందలోంచి బయటపడుతుందని అతని ఆశ. "మొన్న గ్యాస్కెట్ మార్చినా మళ్లీ కారతంది. పాత ఇంజను కదా."

"నేనిచ్చినప్పుడు చుక్క కారలేదు" అన్నాడు దేవీప్రసాద్. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి ఆ కోపంలో 'నువ్వు'లోకి దిగిపోయాడు. "నువ్వే అందరి ముందూ తీసి చూపించు. కారితే ఈ కారు నేనే తోసుకుపోతాను. కారకపోతే అన్న మాట వెనక్కి తీసుకో."

సుందరమ్మ తమ్ముడి చెయ్యి పట్టుకుంది. "ఒరే ప్రసాదూ, పాలు ముందు. తరవాత కొట్టుకోండి." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకాస్త ఆలస్యమైతే ముహూర్తమూ పోతుంది, పుట్టిల్లూ పోతుంది. అది అక్కడున్న అందరికీ తెలుసు. అయినా మగవాళ్లిద్దరిలో ఎవరూ కదల్లేదు.

పరదేశి కాయిలును గుంటలోంచి లాగాడు. దాని కిందున్న పొడుగాటి రబ్బరు తోక నిండా నల్లటి జిగురు. వేడికి సన్నగా పొగ చిమ్ముతోంది.

"సూడండి అందరూ" అని అప్పలనరసింహం దాన్ని పరదేశి చేతిలోంచి లాక్కుని పైకెత్తాడు. పదిమంది మెడలు సాచారు. రెండు నెలలుగా వెతుకుతున్న సాక్ష్యం చేతికి దొరికినట్టే ఉంది. ఇంత పెద్ద గుంపు ముందు దొరకడం స్వామి దయ అనుకున్నాడు.

అప్పుడే ఆ పొగ ముక్కుకు తగిలింది.

వేళ్లు వాటంతట అవే ఆ జిగురును నలిపాయి. ముక్కు దగ్గరికి వెళ్లాయి. నలభై ఏళ్ల అలవాటు నోటిని ఆగమనలేదు.

"ఇది ఆయిల్ కాదు" అన్నాడు. "పాకం. ముదురు పాకం."

"పాకమేటి బావా?" అన్నాడు దేవీప్రసాద్.

"బెల్లం పాకం. మందు కలపని సరుకు ఇది, రావికమతం దిమ్మ. మొన్న మన కొట్లో దిగిందే." మళ్లీ వాసన చూశాడు. కళ్లు సగం మూసుకున్నాడు. "యాలకులు పడ్డాయి. మిరియం కూడా..."

అక్కడ ఆగిపోయాడు.

రోడ్డు మీద లారీ ఒకటి వెళ్లిపోయింది. తలుపులమ్మ అందరికన్నా ముందు తేరుకుంది. "ఇంజన్లోకి యాలకులు ఎలాగెళ్లేయి నాయనా?"

సుందరమ్మ భర్త ముఖం వైపే చూస్తోంది. శనివారం, చెంబు, షెడ్డు, ఖాళీ చెంబు అన్నీ ఆవిడ కళ్లలో ఒక్కొక్కటిగా వరుసలోకి రావడం ఆయనకు కనిపించింది.

"అయితే మీరు తాగలేదన్నమాట" అంది నెమ్మదిగా.

"లేదు."

"ఇంజనుకి పోసేరు."

"మూత తీసి మరీ పోసేను" అన్నాడు. అంతటితో ఆపలేదు. ఆపితే రేపు ఇంకెవరో చెప్పుకుంటారు. "ప్రసాదూ, నీ కారుకి ఏ రోగమూ లేదు. నా చేత్తోనే పోసేను, ప్రతి శనివారం. బజార్లో నీ మీద అన్నదీ తప్పే. పరదేశీ, బంకులో అన్నదీ తప్పే."

పరదేశి కూడా తలెత్తలేదు. "నేనూ ఆయిల్ అనే అనుకున్నానండి" అన్నాడు బుర్ర గోక్కుంటూ. "గ్యాస్కెట్ కూడా మార్చీసేను. ఒక్కసారి నాకి సూసినా తెలిసేది." గుంటలన్నీ కడిగి ఆరబెట్టి కారును తీసుకొస్తానని, దాని పక్కనే ఉండిపోయాడు.

నవ్వు మొదట వ్యాను వెనకనుంచి వచ్చింది. తరువాత ఆపేవాళ్లు లేరు. దేవీప్రసాద్ మాత్రం నవ్వలేదు. తన కారు తలుపు తెరిచి, "ఎక్కండి బావా, ముహూర్తం ఉంది ఇంకా" అన్నాడు. మళ్లీ 'మీరు' వచ్చింది. 'నువ్వు' అన్నప్పుడు కోపం వచ్చింది గానీ, ఈ 'మీరు'కు మాత్రం అప్పలనరసింహం తల దించుకుని వెనక సీట్లోకి ఒదిగి కూర్చున్నాడు.

పాలు సమయానికే పొంగాయి. సుందరమ్మ గిన్నె అంచు దాటిన నురగను చూసి నవ్వుతూ, ఏడుస్తూ తమ్ముడి తల మీద అక్షింతలు వేసింది. అప్పలనరసింహం గుమ్మం దగ్గర స్తంభం పక్కన నిలబడ్డాడు. పదిమందిలో బయటపెట్టమని ఆయనే అడిగాడు. స్వామి ఒక్క అక్షరం వదలకుండా విన్నాడు. నిజానికి స్వామి ప్రతి సోమవారం చెబుతూనే ఉన్నాడేమో. పసుపు దీపం వెలిగించి, కారును వణికించి, చివరికి తను నమ్మే ఆ ఒక్క ముక్కు దాకా తెచ్చి మరీ చూపించాడు. తనే ప్రతిసారీ ఎవరిదో తప్పని వెతికి, ఇంకో చెంబు పోశాడు. ఇష్టమైనదని స్వామికి పెట్టేది స్వామికి ఇష్టమనా, తన దగ్గర ఎక్కువ ఉందనా?

వ్రతం అయ్యాక దేవీప్రసాద్ భార్య పానకం గ్లాసులు పట్టుకొచ్చింది.

"ముందు బయటున్న కారుకియ్యండమ్మా" అంది తలుపులమ్మ. "దాహంగా ఉంటాది."

సోమవారం అప్పలనరసింహం కొట్టులో, ఆ రోజు ఎక్కడ నిలబడి బావమరిదిని నిందించాడో సరిగ్గా అక్కడే నిలబడి, రైతుల ముందు ఉన్న విషయమంతా చెప్పాడు. పోయినసారి మాట సబ్బవరం వరకే వెళ్లింది. ఈసారి సాయంత్రానికి ఏటికొప్పాక దాకా వెళ్లింది. మరునాడు కొట్టుకు వచ్చిన ఒక రైతు దిమ్మ చూపిస్తూ, "ఇది కారుకి పడుతుందా బాబూ?" అని చాలా వినయంగా అడిగాడు.

కారు ఇప్పుడు బాగానే నడుస్తోంది. మరుసటి శనివారం ఆయన బానెట్టు మూసే ఉంచి, దాని మీద బొట్టు పెట్టి, పానకం పటానికి చూపించి, నిండు చెంబును నిండుగానే తెచ్చి సుందరమ్మ చేతికిచ్చాడు. ఆవిడ చెంబులోకి ఒకసారి, ఆయన ముఖంలోకి ఒకసారి చూసి లోపలికి వెళ్లింది.

మధ్యాహ్నం పళ్లెంలోకి కాకరకాయ కూరే వచ్చింది, ఇన్నాళ్లూ కారు తాగినదానికి విరుగుడనుకుని ఆయన కలుపుకుని తిన్నాడు.